రెండు వాటాల ల్యాప్‌టాప్

నేను చేసే పనికి ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎందుకు కావలసివచ్చాయో ముందుగా చెప్పాలి. తెనాలిలో ఉంటూ, విజయవాడలోని చిన్న ప్రచురణకర్తల పుస్తకాలకు పేజీలు కూర్చడం, ప్రూఫులు దిద్దడం నా వృత్తి. తెలుగు డీటీపీలో పనిచేసినవారికి తెలిసిన విషయమే, మా పని చాలావరకు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రామ్‌లో, అను ఫాంట్లతోనే సాగుతోంది. ఆ ఫాంట్లు, ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాల్లోనూ ఒకే సంఖ్య ఉండే యూనికోడ్‌కు ముందు కాలపు పద్ధతిలో తయారైనవి. ఇంగ్లీషు గుర్తులు ఉండవలసిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చుని ఉంటాయి కాబట్టి, ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తుల వరుస తప్ప మరేమీ కనిపించదు. రెండు దశాబ్దాలుగా నేను కూర్చిన పుస్తకాలన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి, పునర్ముద్రణ అనగానే ప్రచురణకర్తలు అడిగేది కూడా వాటినే. అందువల్ల విండోస్‌ను వదులుకోవడం నాకు కుదిరే పని కాదు.

మరోవైపు, కొన్నేళ్ళుగా ముద్రణలో లేని పాత పుస్తకాలను స్కాన్ చేసి, వాటిలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి తీసే పని కూడా నాకు వస్తోంది. ఇందుకు టెసరాక్ట్ అనే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ప్రోగ్రామ్‌ను వాడతాను. 1980లలో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో మొదలై, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఈ ప్రోగ్రామ్ తెలుగు అక్షరాలను కూడా గుర్తుపడుతుంది. ఇది విండోస్‌లోనూ నడుస్తుంది. అయితే పీడీఎఫ్‌ను పేజీలుగా విడగొట్టడానికి ఒకటి, వంకరగా పడిన పేజీని నిలబెట్టడానికి ఒకటి, మరకలు తీయడానికి ఒకటి, అక్షరాలను గుర్తించడానికి ఒకటి, ఇలా చిన్న చిన్న ప్రోగ్రామ్‌లను ఒకదాని వెనుక ఒకటి కట్టి, 300 పేజీల పుస్తకాన్ని రాత్రి అప్పగించి తెల్లవారి అందుకోవడానికి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నంత వీలు నాకు విండోస్‌లో దొరకలేదు.

మొదట నేను పట్టినది సులువైన దారినే. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ సాయంతో, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటును విండోస్ లోపలే ఒక కిటికీలో నడిపాను. నా ల్యాప్‌టాప్ 2021లో కొన్నది. పదో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ దానిలో ఉన్నాయి. ఉబుంటుకు 4 జీబీ ర్యామ్ ఇస్తే విండోస్ మూలిగేది, 2 జీబీకి తగ్గిస్తే ఉబుంటు కదిలేది కాదు. విండోస్‌లోనే లినక్స్ ఆదేశాలను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌ను కూడా కొన్నాళ్ళు వాడి చూశాను. అది తేలికైనదే కాని, ఉన్న ర్యామ్‌ను ఇద్దరూ పంచుకోవలసిన అవస్థ అక్కడా తప్పలేదు. 16 జీబీ ర్యామ్ ఉన్నవారు నన్ను సలహా అడిగితే ఈ రెండింటిలో ఏదో ఒకటి చాలుననే చెబుతాను. రెండు సిస్టమ్‌లనూ డిస్కులో పక్కపక్కనే ఉంచి, ఆన్ చేసినప్పుడు ఒకదానిని ఎంచుకునే డ్యూయల్ బూట్‌లో ఒక సమయంలో ఒక్క సిస్టమే నడుస్తుంది కాబట్టి యంత్రం బలమంతా దానికే దక్కుతుంది. బదులుగా, ఒకదానిలోనుంచి మరొకదానిలోకి వెళ్ళవలసిన ప్రతిసారీ తెరిచిన పని అంతా మూసి, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ పెట్టుకోవాలి. నా పనులు ఎలాగూ పగలొకటి, రాత్రొకటి కనుక ఆ ఇబ్బందికి ఒప్పుకున్నాను.

ఈ ప్రయత్నం నాకు పూర్తిగా కొత్త కాదు. 2008లో విండోస్ ఎక్స్‌పీ ఉన్న డెస్క్‌టాప్‌లో ఉబుంటు 8.04ను ఎక్కించాను. అప్పట్లో కెనానికల్ సంస్థ అడిగినవారికి ఉబుంటు సీడీలను ఉచితంగా తపాలాలో పంపేది. 2011లో ఆ ఏర్పాటును ఆపివేశారు. నాకు వచ్చిన సీడీతోనే అప్పుడు పని కానిచ్చాను. కొన్ని నెలల తరువాత వైరస్ వల్ల ఎక్స్‌పీ పాడైతే, మా వీధిలోని మెకానిక్కు వచ్చి ఎక్స్‌పీని మళ్ళీ ఎక్కించి వెళ్ళాడు. మరునాటినుంచి ఉబుంటు కనిపించలేదు. ఆ కాలపు డిస్కుల్లో మొట్టమొదటి 512 బైట్లలోనే సిస్టమ్‌ను తెరిచే, అంటే బూట్ చేసే చిన్న కోడ్, డిస్కులోని భాగాల, అంటే పార్టిషన్ల పట్టిక కలిసి ఉండేవి. చివరగా ఎక్కిన సిస్టమ్ అక్కడ తన కోడ్‌ను రాసుకునేది, ముందున్న దానిని చెరిపివేసేది. నా ఉబుంటు డిస్కులో చెక్కుచెదరకుండానే ఉంది, దానిలోకి వెళ్ళే దారి మాత్రమే చెరిగిపోయింది. సీడీతో బూట్ చేసి, ఒక్క ఆదేశంతో, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ అనే ప్రోగ్రామ్‌ను మళ్ళీ రాయిస్తే సరిపోయేది. ఆ సంగతి తెలియక, ఉబుంటు పోయిందనుకొని, ఆ పార్టిషన్‌ను నా చేతులతో నేనే ఫార్మాట్ చేశాను.

ఇప్పటి యంత్రాల్లో ఆ ఏర్పాటు మారింది. యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది, పాత పార్టిషన్ పట్టిక స్థానంలో జీపీటీ వచ్చింది. డిస్కులో ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌ను బూట్ ఫైళ్ళ కోసమే ప్రత్యేకించి ఉంచుతారు. అందులో ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ విడిగా ఒక ఫోల్డర్ ఉంటుంది. ఒకరి ఫైలును ఒకరు చెరపవలసిన అవసరం లేదు. మా నాన్నగారు దస్తావేజు లేఖరి. అన్నదమ్ముల భాగపరిష్కార దస్తావేజు రాసేటప్పుడు ఎవరికి ఎన్ని గజాలు అన్నది తేల్చడానికి ఆయనకు పెద్దగా సమయం పట్టేది కాదు. వీధివైపు నడవ, బావి, నడిమి గోడ, వీటిని ఎవరు ఎలా వాడుకోవాలి అన్న షరతుల దగ్గరే పూటలు గడిచేవి. పార్టిషన్ అన్న మాట ఆ దస్తావేజులకూ ఈ డిస్కుకూ ఉమ్మడిది కావడం యాదృచ్ఛికమే కాని, ఈ పనిలో నాకు ఎదురైన చిక్కులు కూడా వాటాల దగ్గర వచ్చినవి కావు, దాదాపు అన్నీ ఉమ్మడి వస్తువుల దగ్గర వచ్చినవే.

నిరుడు సంక్రాంతి సెలవుల్లో పని మొదలుపెట్టాను. ముందుగా నా ఫైళ్ళన్నింటినీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును విడదీసి బీరువాలో పెట్టాను. తరువాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి హద్దులు చూశాను. 512 జీబీ అని కొన్న డిస్కును విండోస్ 476 జీబీగా చూపిస్తుంది. తయారీదారులు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, ఇందులో పోయినదేమీ లేదు. మొదట బూట్ ఫైళ్ళ పార్టిషన్ 260 ఎంబీ, చివర రికవరీ పార్టిషన్ ఒక జీబీకి దగ్గరగా, మధ్యలో మిగిలినదంతా సీ డ్రైవ్. అందులోనుంచి 140 జీబీ తీసి, 60 ఉబుంటుకు, 80 ఇద్దరికీ ఉమ్మడి ఫైళ్ళ కోసం కేటాయించాలని నా లెక్క. ఉబుంటు వాడే ఎక్స్‌ట్4 పద్ధతి పార్టిషన్‌ను విండోస్ తనంతట తాను చదవలేదు, విండోస్ పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌ను మాత్రం ఉబుంటు చదవగలదు, రాయగలదు కూడా. కాబట్టి ఉమ్మడి భాగం ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉండాలి.

సీ డ్రైవ్‌లో దాదాపు 300 జీబీ ఖాళీ ఉన్నా, కుదించడానికి వీలైనది 38 జీబీ మాత్రమేనని ఆ కిటికీ చూపింది. కారణం తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. కుదింపు డ్రైవ్ చివరనుంచి మొదలవుతుంది. చివరి భాగంలో ఎక్కడైనా కదిలించరాని ఫైలు ఒక్కటి ఉన్నా అక్కడే ఆగిపోతుంది. యంత్రం పడుకునేటప్పుడు తన స్థితిని దాచుకునే హైబర్నేషన్ ఫైలు, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు, వెనుకటి స్థితికి తిరిగి వెళ్ళడానికి ఉంచే రిస్టోర్ పాయింట్లు అలాంటివి. పొలం మధ్యలో కరెంటు స్తంభం ఉన్నప్పుడు చుట్టూ ఎంత ఖాళీ ఉన్నా దున్నే చాలు అక్కడ విరగవలసిందే. ఆ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, కంప్యూటర్‌ను మళ్ళీ పెట్టాక 150 జీబీకి పైగా చూపింది. 140 జీబీకి సరిపోయేలా 143360 ఎంబీ అని వేశాను, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ తరువాత, ఆపిన మూడింటినీ బుద్ధిగా మళ్ళీ ఆన్ చేశాను. అది ఎంత పొరపాటో పది రోజుల తరువాత తెలిసింది.

ఉబుంటు 24.04 ఫైలు దాదాపు 6 జీబీ. దించుకున్నాక ఫైలు చెక్కుచెదరలేదని తేల్చే 64 అక్షరాల చెక్‌సమ్‌ను ఉబుంటు వారు ప్రకటించిన దానితో సరిపోల్చి, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో బూట్ చేయగల పెన్‌డ్రైవ్ తయారుచేశాను. ఈ సరిపోల్చడం చాలామంది చేయరు. ప్రూఫులు దిద్దే అలవాటు వల్ల కావచ్చు, నేను చేస్తాను. పెన్‌డ్రైవ్‌నుంచి బూట్ చేస్తే ఉబుంటు చక్కగా తెరుచుకుంది, వైఫై పనిచేసింది, తెర వెలుతురు తగ్గించే మీటలు కూడా పనిచేశాయి. ఎక్కించబోతే మాత్రం, ఈ యంత్రంలో ఆర్ఎస్‌టీ ఆన్‌లో ఉన్నదనీ, దానిని ఆపితే తప్ప ముందుకు వెళ్ళడం కుదరదనీ చెప్పి ఆగిపోయింది. ఆర్ఎస్‌టీ అంటే ఇంటెల్ వారి నిల్వ నిర్వహణ పద్ధతి. అది ఉన్నప్పుడు ఎస్ఎస్‌డీ దాని చాటున దాగి ఉంటుంది, ఉబుంటుకు డిస్కే కనిపించదు. యూఈఎఫ్ఐ అమరికల్లోకి వెళ్ళి ఆర్ఎస్‌టీని, డిస్కు నేరుగా కనిపించే ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ తన డిస్కును గుర్తించలేక నీలి తెరతో ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకు ఉపాయం కూడా ఉంది: విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, తరువాతి బూట్, తప్పనిసరి భాగాలతో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో జరగాలని టిక్ పెట్టి, ఆ తరువాత యూఈఎఫ్ఐలో ఏహెచ్‌సీఐ ఎంచుకోవాలి, సేఫ్ మోడ్‌లో తెరుచుకున్నప్పుడు విండోస్ కొత్త డ్రైవర్‌ను తనంతట తానే పట్టుకుంటుంది, అప్పుడు ఆ టిక్ తీసివేయాలి.

అలాగే చేశాను. నీలి తెర వచ్చింది, అయితే నేను భయపడినది కాదు. విండోస్ డిస్కు రక్షణ అయిన బిట్‌లాకర్ రికవరీ తాళం ఇవ్వమని అడుగుతున్న తెర అది. నా డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేనిదే చదవలేని రూపంలోకి మారి ఉన్నదన్న సంగతే నాకు అంతవరకూ తెలియదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, తాళం యంత్రంలోని టీపీఎం అనే చిప్పులో ఉంటుంది. బూట్ పద్ధతిలో ముఖ్యమైన మార్పు కనిపిస్తే ఆ చిప్పు తాళం ఇవ్వకుండా నిలిచిపోతుంది. దొంగ చేతిలో పడినప్పుడు అది చేయవలసిన పని అదే, దానిని తప్పుపట్టలేను. తప్పు నాది, ముందుగా చూసుకోలేదు. ఆ తాళం ఒక నకలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుందని తెర మీదే రాసి ఉంది. ఎవరి ఖాతాలో అన్నదే చిక్కు. ల్యాప్‌టాప్ కొన్నరోజున దానిని సిద్ధం చేసిపెట్టినది మా మేనల్లుడు, తొందరలో తన ఖాతాతోనే లాగిన్ అయ్యాడు.

బెంగళూరులో ఉన్న అతనికి ఫోన్ చేస్తే, రాత్రి పది దాటాక ఆఫీసునుంచి వచ్చి, ఖాతా తెరిచి చూసి, “మామయ్యా, కాగితం తీసుకోండి, 48 అంకెలు ఉన్నాయి, ఆరేసి చొప్పున చదువుతాను” అన్నాడు. ఫొటో తీసి పంపించమంటే సరిపోయేది, ఆ సమయంలో ఇద్దరికీ తోచలేదు. ఆరుకూ ఏడుకూ ఫోన్‌లో తేడా తెలియక మూడో గుంపు తప్పు రాసుకున్నాను. ఆ గుంపు దగ్గరే యంత్రం అభ్యంతరం చెప్పడం చూసి ఆశ్చర్యపోయాను. తరువాత చదివితే తెలిసింది, ఎనిమిది గుంపుల్లో ప్రతి ఆరంకెల సంఖ్యా 11తో శేషం లేకుండా భాగింపబడేలా కూర్చి ఉంటుంది. ఒక్క అంకె మారినా లెక్క తప్పుతుంది. మన పెద్దలు గుణకారం సరిచూడటానికి తొమ్మిదులు కొట్టివేసినట్టే ఇదీ. తాళం పడి, విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుని, టిక్ తీసివేసి మళ్ళీ మామూలుగా తెరుచుకునేసరికి అర్ధరాత్రి అయింది.

మరునాడు ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా ఆపివేశాను. అది విప్పుకోవడానికి గంటన్నర పట్టింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఎన్‌క్రిప్షన్ లేకపోతే ల్యాప్‌టాప్ పోగొట్టుకున్ననాడు డిస్కులో ఉన్నదంతా దొరికినవారి పాలవుతుంది. నా దగ్గర ఉన్నవి అచ్చులోకి వెళ్ళబోయే పుస్తకాలే కనుక, ల్యాప్‌టాప్ ఇల్లు దాటదు కనుక ఆ నిర్ణయం తీసుకున్నాను. బ్యాంకు కాగితాలు, కక్షిదారుల కాగితాలు ఉంచుకొనేవారు దానిని ఆపకుండానే, తాళాన్ని ముందుగా కాగితం మీద రాసిపెట్టుకొని, ఈ పని కొనసాగించే మార్గం చూసుకోవాలి.

ఇక ఎక్కించడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విండోస్ పక్కనే దానంతట అదే కూర్చునే అవకాశాన్ని ఉబుంటు ఇస్తుంది. నేను దానిని కాదని, పార్టిషన్లు నేనే ఎంచుకునే దారిలో వెళ్ళాను. ఖాళీలో 60 జీబీని ఎక్స్‌ట్4గా చేసి ఉబుంటుకు ఇచ్చాను. బూట్ ఫైళ్ళ 260 ఎంబీ పార్టిషన్‌ను వాడుకోమన్నాను కాని ఫార్మాట్ చేయమనలేదు. ఇది ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన గడి, ఎందుకంటే విండోస్ బూట్ ఫైళ్ళు కూడా అందులోనే ఉంటాయి. సంతకం లేని ప్రోగ్రామ్‌తో బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపవలసిన అవసరం రాలేదు. ఉబుంటు బూట్ మొదట్లో నడిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి యంత్రం దానిని అంగీకరిస్తుంది. ఇరవై నిమిషాల్లో పని ముగిసింది. మిగిలిన 80 జీబీని విండోస్‌లోకి వెళ్ళి ఎన్‌టీఎఫ్ఎస్‌గా చేసి, దానికి ఉమ్మడి అనే పేరు పెట్టాను.

మళ్ళీ పెట్టగానే గ్రబ్ మెనూ వచ్చింది: పైన ఉబుంటు, కింద విండోస్, పది సెకన్ల గడువు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠం కోసం ల్యాప్‌టాప్ ఆన్ చేసి మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి ఉబుంటు తెరుచుకుని ఉండేది, “నాన్నా, మళ్ళీ నీది వచ్చింది” అనేది. రెండు రోజులు విన్నాక, చివరిసారి ఏది వాడితే ఈసారి దానికే మొదటి అవకాశం ఇచ్చేలా గ్రబ్ అమరికను మార్చాను.

పది రోజుల తరువాత ఒక రాత్రి, ఉమ్మడి డ్రైవ్‌లో ఓసీఆర్ ఫలితాన్ని దాచబోతే ఉబుంటు ఒప్పుకోలేదు. చదవనిస్తుంది, రాయనివ్వదు. కాగితం మీద హక్కులు ఉన్నా గేటుకు తాళం వేసి ఉన్నట్టు అయింది. విషయం ఏమిటంటే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. షట్ డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన లోపలి భాగం స్థితిని హైబర్నేషన్ ఫైలులో దాచుకొని పడుకుంటుంది, తరువాతిసారి అక్కడినుంచే లేస్తుంది. అలా పడుకున్నప్పుడు డ్రైవ్‌లన్నీ ఇంకా తన చేతిలోనే ఉన్నాయని దాని లెక్క. ఆ సమయంలో మరొకరు అందులో రాస్తే, లేచిన తరువాత దాని లెక్కకూ డిస్కులో ఉన్నదానికీ పొంతన ఉండదు, ఫైళ్ళు పాడైపోతాయి. అందుకే ఉబుంటు రాయడానికి వెనుకాడింది. నన్ను విసిగించినా అది చేసినది మంచి పనే. కుదింపు కోసం ఆపిన హైబర్నేషన్‌ను నేను బుద్ధిగా ఆన్ చేసినప్పుడు దానితోపాటే ఇదీ తిరిగి వచ్చింది. ఈసారి హైబర్నేషన్‌ను శాశ్వతంగా ఆపాను. విండోస్ తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది, అంతే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసినది మాత్రం గడియారం. విండోస్‌లోకి వెళ్ళిన కొన్నిసార్లు టైము తప్పుగా కనిపించేది. సరిచేస్తే, తరువాత ఉబుంటులో ఇంటర్నెట్ కలిసేవరకు అక్కడ తప్పుగా ఉండేది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిందనుకొని దానిని మార్పించే ఆలోచనలో ఉండగా, ఒక శ్లేషకావ్యం పునర్ముద్రణకు తప్పొప్పుల పట్టిక తయారుచేయవలసి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఉబుంటులో స్కాన్ పేజీలు చూస్తూ ఆ పట్టికను దిద్ది దాచాను. ఏడు గంటలకు విండోస్‌లో కూర్పు చూస్తూ, వేరే పేరుతో నకలు తీసి, అందులో మరో నలభై తప్పులు చేర్చాను. ఆ రోజు ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మరునాడు రెండింటిలో ఏది కొత్తదో తేదీ, సమయం చూసి తేల్చుకొని, పాతది అనుకున్నదానిని తుడిచివేశాను. ఏడింటికి దాచిన ఫైలు మీద మధ్యాహ్నం ఒంటిగంటన్నర అని ఉంది. నాలుగింటి ఫైలే కొత్తదనుకున్నాను. నలభై తప్పులను మళ్ళీ మొదటినుంచి వెతకడానికి రెండు రోజులు పట్టింది, రెండుసార్లు చూసినా ముప్పై ఎనిమిదే దొరికాయి.

ఏడుకూ ఒకటిన్నరకూ మధ్య ఉన్నది సరిగ్గా ఐదున్నర గంటలు. ఆ అంకె చూశాక బ్యాటరీ మీద అనుమానం పోయింది. బ్యాటరీ దోషం అయితే తేడా రోజుకో రకంగా ఉండాలి. భారత కాలమానానికీ ప్రపంచ ప్రామాణిక సమయానికీ మధ్య ఉన్న తేడాతోనే అది ప్రతిసారీ ఆగదు. మదర్‌బోర్డు గడియారం ఒక్కటే, దానిలో ఉన్న అంకెలను రెండు సిస్టమ్‌లూ రెండు రకాలుగా చదువుతున్నాయి. అందులో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. అది ప్రామాణిక సమయమని ఉబుంటు అనుకొని, ఐదున్నర కలుపుకొని చూపిస్తుంది, తిరిగి రాసేటప్పుడు ఐదున్నర తీసివేసి రాస్తుంది. ఎవరి పద్ధతి వారికి సవ్యంగానే ఉంది. దీనికి రెండు పరిష్కారాలున్నాయి: విండోస్ అమరికలు ఉండే రిజిస్ట్రీలో మార్పు చేసి దానిని ప్రామాణిక సమయానికి తేవడం, లేదా ఉబుంటులో ఒక్క ఆదేశంతో దానిని స్థానిక సమయానికి తేవడం. రెండోది చేస్తే ఉబుంటు ఒక హెచ్చరిక చేస్తుంది. వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే దేశాల్లో ఇది గందరగోళానికి దారితీస్తుంది. మన దేశంలో ఆ జరపడం లేదు, ఉన్నది ఒకటే కాలమానం కాబట్టి ఆ హెచ్చరిక మనకు వర్తించేది కాదని నిర్ణయించుకొని రెండోదే చేశాను. అప్పటినుంచి గడియారం తప్పలేదు.

వేసవిలో విండోస్‌కు ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆ తరువాత గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంది. 2008 గుర్తుకు వచ్చి ఒక్క క్షణం చేతులు ఆడలేదు. ఎఫ్2 నొక్కి యూఈఎఫ్ఐలోకి వెళ్ళి చూస్తే బూట్ వరుసలో ఉబుంటు పేరు అలాగే ఉంది, ఒక మెట్టు కిందికి జరిగింది, అంతే. దానిని పైకి జరిపి దాచగానే మెనూ వచ్చింది. పదిహేడేళ్ళ కిందట నేను ఒక సిస్టమ్‌ను పోగొట్టుకున్న చోటే ఇప్పుడు రెండు నిమిషాల్లో బయటపడ్డాను.

ఉబుంటులో తెలుగు టైపు చేయడం గురించి అడిగేవారు ఉంటారు కాబట్టి అది కూడా చెబుతాను. తెలుగు చూపించడానికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు. టైపు చేయడానికి ఐబస్ అనే టైపింగ్ సాధనంతోపాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీని ఎక్కించుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి లేఅవుట్లతోపాటు మా డీటీపీ వారికి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా దొరుకుతుంది. మెనూలను తెలుగులో పెట్టుకునే వీలు ఉన్నా నేను ఇంగ్లీషులోనే ఉంచాను. ఏదైనా దోష సందేశం వచ్చినప్పుడు ఆ ఇంగ్లీషు వాక్యాన్ని వెతికితేనే ఇప్పటికీ జవాబు దొరుకుతోంది. అను ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పని విండోస్‌లోనే పూర్తిచేసి, ఫలితాన్ని ఉమ్మడి డ్రైవ్‌లో పెడుతున్నాను. ఫాంటు ఫైళ్ళు ఉబుంటులో పనిచేసినా, పేజ్‌మేకర్‌ను అక్కడ నడపడానికి చేసిన ప్రయత్నం నా చేతిలో ఫలించలేదు. దానికోసం మరో వారం పెట్టడం కన్నా యంత్రాన్ని ఒకసారి ఆపి పెట్టడమే నయమని వదిలేశాను.

వాటాల లెక్కలో నేను చేసిన తప్పు ఒక్కటే, అది ఈమధ్యనే బయటపడింది. ఓసీఆర్ నడుస్తున్నప్పుడు ప్రతి పేజీకీ తయారయ్యే తాత్కాలిక బొమ్మలు ఒక్కొక్కటి 20, 30 ఎంబీ ఉంటాయని తెలిసి కూడా ఉబుంటుకు 60 జీబీయే ఇచ్చాను. నాలుగు పుస్తకాలు వరుసగా పెడితే అది నిండిపోతోంది. ప్రస్తుతానికి ఆ బొమ్మలను ఉమ్మడి డ్రైవ్‌లోకి మళ్ళిస్తున్నాను. ఉబుంటును పెంచాలంటే దాని పక్కనే ఉన్న ఉమ్మడి డ్రైవ్‌ను ఎడమవైపునుంచి కుదించాలి, విండోస్‌లో ఉన్న సాధనం కుడివైపునుంచి మాత్రమే కుదిస్తుంది. పెన్‌డ్రైవ్‌నుంచి బూట్ చేసి, జీపార్టెడ్ అనే పార్టిషన్ సాధనంతో ఆ డ్రైవ్ లోపలి ఫైళ్ళన్నింటినీ పక్కకు జరపవలసి ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోగలను. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇప్పుడు అరగంటకు మించి నిలవడం లేదు. కొత్త బ్యాటరీ చెప్పి ఉంచాను, అది వచ్చాకే ఆ పని.